బూట్ల నిమిషాలు

వార్షిక నివేదికలో పద్నాలుగో పేజీ నాది.
"సమాజం పట్ల మా బాధ్యత" అని పైన,
కింద మూడువేల భూర్జ మొక్కలు నాటిన ఫోటో.
మే నెల ఎండలో పార పట్టుకుని నవ్వేవాళ్లలో
ఎడమ నుంచి నాలుగో మనిషిని నేనే.

తాంపెరెలో మా ఆఫీసు ఒకప్పుడు బట్టల మిల్లు.
కిటికీ కింద ఏటి ఉరవడి
ఇప్పుడే మగ్గాన్నీ తిప్పదు,
ఊరికే అరుచుకుంటూ పోతుంది.
లోపల మేం నిమిషాలు అమ్ముతాం.
ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లే సేవికలకు
ఏ తలుపు ఎప్పుడు తట్టాలో
ఎప్పుడు వెనక్కి తిరగాలో
ఫోన్లో చెప్పే లెక్క మాది.
మందులకు నాలుగు,
గంజి వేడిచేయడానికి మూడు,
కట్టు మార్చడానికి ఐదు.
వెరసి పన్నెండు.
నగరపాలకులు మెచ్చిన పన్నెండు.
పోటీ కంపెనీది పద్నాలుగు.

ఫిబ్రవరిలో టెస్టింగ్ సైమి
తూలిక్కి అనే సేవిక వెంట ఒకరోజంతా తిరిగొచ్చి
మీటింగులో లేచి నిలబడింది.
"బూట్లేవి?" అంది.
మాకు అర్థం కాలేదు.
"ఈ దేశంలో ఎవరి గడపైనా బూట్లతో దాటుతామా?
మైనస్ ఇరవైలో లేసులు కట్టెల్లా బిగుసుకుంటాయి,
వేళ్లు మాట వినవు.
విప్పడానికి ఒక నిమిషం, తొడుక్కోడానికి ఇంకోటి.
అవి మన లెక్కలో ఎక్కడున్నాయి?"
వెతికాం.
లేవు.
ఎవరూ తీసెయ్యలేదు, ఎవరూ పెట్టలేదు.

అందుకని తూలిక్కి బూట్లతోనే లోపలికి నడుస్తోంది,
ప్రతి ఇంట్లోనూ తల దించుకుని,
క్షమించమని గొణుగుతూ.
హెల్వి గారి వంటింట్లో ఆ మంచు కరిగింది.
అరచేతంత తడి.
ఎనభైతొమ్మిదేళ్ల పాదం దానిమీద పడింది.
తుంటి ఎముక.
మా తెరమీద ఆ ఇంటి పక్కన ఆ పూట
పచ్చని టిక్కు: సకాలంలో పూర్తి.

రైమో రాత్రికి రాత్రే రాశాడు,
చలికాలానికి రెండు నిమిషాలు. ఒకే ఒక్క వరుస.
డైరెక్టర్ ఇర్మెలి చెడ్డమనిషి కాదు,
మొక్కలు నాటిననాడు నా చేతులు బొబ్బలెక్కితే
తన తొడుగులు విప్పి ఇచ్చింది.
మెల్లగానే అంది:
"మార్చిలో టెండరు. అది పోతే నలభై జీతాలు.
ఆ రెండు నిమిషాల కోసం ఎవర్ని పంపించెయ్యను, నువ్వే చెప్పు."
రైమో చెప్పలేదు. వరుసను చెరపనూ లేదు.
దాని ముందు రెండు ఏటవాలు గీతలు పెట్టి ఊరుకున్నాడు.
గీతలున్న వరుసను యంత్రం చదవదు.
గోడకు ఆనించిన ఊతకర్రల్లా
అవి అక్కడే ఉన్నాయి.

నేను నా పేజీ రాశాను:
"క్షేత్రస్థాయి సిబ్బంది అభిప్రాయాలను నిరంతరం స్వీకరిస్తున్నాం."
ఒక్క ముక్కా అబద్ధం కాదు.
అబద్ధమైతే బాగుండు, పట్టుకుని పీకెయ్యొచ్చు.

ఆదివారం ఆసుపత్రికి వెళ్లాను.
హెల్వి గారు ముందు తూలిక్కి గురించే అడిగింది:
"ఆ పిల్ల ఇంకా పరిగెడుతూనే ఉందా?"
మా ఆఫీసు ఎక్కడో చెబితే నవ్వింది.
"పదహారో ఏట చేరాను ఆ మిల్లులో.
మగ్గం ఆపి ముక్కు చీదుకుంటే కూలి కోసేవాళ్లు.
కానీ మా మేస్త్రీకి ఒక మొహం ఉండేదమ్మా,
సాయంత్రం ఇంటికెళుతూ తనివితీరా తిట్టుకోడానికి.
ఈ ఫోన్లో ఎవర్ని తిట్టుకోను?"

కాసేపు కిటికీలోంచి మంచు చూశాను.
తర్వాత నా పేరు చెప్పాను,
ఇంటిపేరుతో సహా.
ఆవిడ దాన్ని ఒకసారి పలికి చూసుకుంది,
కొత్త గుడ్డ నేత పట్టి చూసినట్టు.
తిట్టలేదు.

ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చుని
లేసులు విప్పుతూ గడియారం చూశాను.
నిమిషం మీద పది సెకన్లు,
అదీ వెచ్చటి వేళ్లతో.

పద్నాలుగో పేజీలో ఫోటో తీసేశాను.
ఆ చోట రైమో వరుస పెట్టాను, గీతలతో సహా,
కింద హెల్వి గారి పేరు లేకుండా, నా పేరుతో.
ప్రెస్సుకు వెళ్లేది గురువారం.
ఇర్మెలి ఇంకా చూడలేదు.