రెండు ఎక్కువ

హన్మకొండ బస్టాండుల
పరకాల బండ్లు ఆగే కాడ సిమెంటు బెంచి.
ఒక కొసకు స్వరూప ఉడకేసిన పల్లీల గంప,
ఇంకో కొసకు నా డీఎస్సీ గైడు,
నడుమ, కాళ్లు నేలకందని ఓదెలు.
ఫీజు రోజుకో పొట్లం.

బళ్లె రాసుకున్న పేరు మణిచరణ్. మూడో తరగతి.
వాచకం తెరుస్తె చాలు
దూపయితది, కడుపు నొస్తది,
చెప్పు తెగిందేమోనని అనుమానమొస్తది.
అదే, కండ్లు మూసుకోని చెప్తడు
మలుపు కాడ ఒర్రేది ఏ ఊరి బండో.
"నర్సంపేటది మేడం. గేరు మారిస్తె దగ్గుతది."

నెల రోజులు వానితోని కొట్లాడి
ఒకనాడు వాచకం మీద పల్లీల గంప పెట్టి లేచిన.
"నడువ్‌రా, బోర్డులు సూద్దాం."

ములుగు.
మూడక్షరాలు, మూడింటికీ కొమ్ములు.
"మా తాత గొర్ల మంద" అన్నడు.
పరకాలకు ఒక్కటే దీర్ఘం, మిగిలిందంత సాఫు రోడ్డు.
జమ్మికుంట కాడ మాత్రం ఆగిండు.
"మ కింద గింత మ ఎందుకు?"
ఏం చెప్పాల్నో తోచక "స్టెప్నీ" అన్న.
ఇగ చూడు, తెలుగుల ఒత్తులన్నీ వానికి టైర్లే.
వర్ధన్నపేట కాడ వంగి మరీ లెక్కపెట్టిండు: "రెండున్నయ్."
మహబూబాబాద్ కొసన పొల్లు సంగతి
నేను నోరు తెరవకముందే
"గది బ్రేకు" అన్నడు.
"లేకుంటె ద దాటి పోతది గద."
నా గైడుల గింత మంచి మాట ఎక్కడ లేదు.

దసరా సెలవులయినంక
అడిగినోల్లకూ అడగనోల్లకూ చదివి చెప్పుడు పెట్టిండు.
చూపానని ఒక అవ్వ
ఏటూరునాగారం బండి కోసం వాని భుజం పట్టుకున్నది.
ఏ... టూ... రు... అనుకుంట
బోర్డు మొత్తం ఒడిసినంకనే ఎక్కనిచ్చిండు,
డ్రైవరు హారను కొడుతున్నా.

లెక్కల కాడనే బండి మొరాయించింది.
నలభై ఐదుమంది ఎక్కిన్రు, పదిహేడుమంది దిగిన్రు,
లోపల ఎంతమంది?
"ముప్పై."
అప్పు తెచ్చుడు మల్ల చెప్పిన. ముప్పై.
యాభై రెండుల పంతొమ్మిది పోతె?
ముప్పై ఐదు.
ఇంటు. ఇంకో ఇంటు. ఎర్ర పెన్నుతోని గట్టిగ.
పల్లీలు పోసి తీసెయ్యమంటె
సరిగ్గ ఇరవై ఎనిమిది, ఒక్కటన్న నోట్లేసుకోకుండ.
బస్సు పేరెత్తితె మల్ల ముప్పై.
వీని బస్సు పిచ్చి నేనే పెంచిన్నని
స్వరూప ముంగట ఒప్పుకున్న.
ఆమె పొట్లం కట్టే చెయ్యి ఆపి
"గా పిచ్చి లేకుంటె బడికే పోడు మేడం" అన్నది.

ఏడో ఇంటు కొట్టినంక గాని
అడగాలని నాకు తట్టలే.
"ఆ రెండు ఎక్కడియిరా?"
ఎన్నడూ బస్సెక్కని మనిషిని చూసినట్టు చూసిండు.
"డ్రైవరు, కండక్టరు.
ఆల్లెట్ల దిగుతరు?"

ఆ రాత్రి హసన్‌పర్తిల ఆఖరుకు దిగింది నేనే.
దిగి, ఎన్నడు లేంది, ఎనుకకు తిరిగి చూసిన.
ఒకాయన స్టీరింగు మీద తల పెట్టిండు,
ఒకాయన చిల్లర కుప్పలు పోస్తుండు.
ఇన్నేండ్లు దీన్ని ఖాళీ బస్సు అనుకున్న.

తెల్లారి నోటుబుక్కు తీసి
"ఇవన్ని నా తప్పులురా" అన్న.
పెన్ను గీతలాయె, రబ్బరుకు పోవు.
వాడు పెన్ను గుంజుకోని
నాలుక బయటపెట్టి, ఒక్కో ఇంటు చుట్టు
గుండ్రంగ గీసుకుంట పోయిండు.
ఏడు టైర్లు.
"ఆరు బండికి" అన్నడు.
"ఏడోది ఏందో చెప్పు మేడం."