లేదా

రియెకా రేవులో బూరా గాలి.
కొండ దిగి వచ్చి గొడుగుల వెన్ను విరుస్తోంది.
జనన నమోదు ఆఫీసు, రెండో కిటికీ దగ్గర
టోపీని నెత్తికి అదిమి పట్టుకుని బార్తొల్ షెగొతా,
పడవలకు తారు పూసి బతికిన ఎనభై రెండేళ్లవాడు.

"చెల్లెలు పోయింది. రాతి పనివాడు తేదీ అడుగుతున్నాడు.
పేరు లూత్సె. అమ్మ మారా.
ఫిబ్రవరిలో పుట్టింది, మంచు పడుతుంటే. ఇది అమ్మ మాట.
సెప్టెంబరులో పుట్టింది, ద్రాక్ష తొక్కుతుంటే. ఇది నాన్న మాట.
ఇద్దరూ అబద్ధమాడే మనుషులు కారు.
రెండూ రాసుకోండి."

నెవెన్కా రెండూ రాసుకుంది.

లోపల ఇండెక్స్ ఒక తలకిందుల చెట్టు.
వేరు పైన, ఆకులు అడుగున.
కొమ్మల మీద మనుషులుండరు, దారి రాళ్లే:
ఇంతకన్నా చిన్నవాళ్లు ఇటు, పెద్దవాళ్లు అటు.
ఆరు లక్షల పుట్టుకలకి నాలుగే మెట్లు.
అడుగున ఆకులన్నీ చేతులు పట్టుకుని ఉంటాయి,
ఒకసారి దిగితే పక్కకి నడిచిపోవచ్చు.

కానీ దిగే ముందు, గుమ్మంలోనే,
అడిగినవన్నీ చేటలో పోసి చెరుగుతుంది యంత్రం.
నలభై అయిదు తర్వాత అని ఒకటి, నలభై ఆరు తర్వాత అని ఒకటి ఉంటే
మొదటిది తాలు.
ఇంటిపేరు ఎక్కడ దిగాలో చెబుతుంది,
ఏడాది ఎక్కడ ఆగాలో చెబుతుంది.
తల్లి పేరుకి దారి తెలియదు;
ఎదురైన ప్రతి ముఖం మీదకీ లాంతరు ఎత్తి
కాదు, కాదు అంటూ వెంట నడుస్తుందంతే.

నెల ఫిబ్రవరి కావాలి మరియు
నెల సెప్టెంబరు కావాలి.
చేటలో రెండు గింజలూ ఢీకొన్నాయి.
ఒక్క ఆకు కదల్లేదు. ఒక్క పేజీ తెరుచుకోలేదు.
వెతికి లేదనడం కాదు,
వెతక్కుండానే లేదంది.

ఆ వేగమే నెవెన్కాకి నచ్చలేదు.
ముప్ఫై ఏళ్లుగా ఈ కుర్చీలో ఎన్ని "దొరకలేదు"లు చూసిందో!
నిజంగా వెతికిన లేమికి
ఊపిరి తీసుకున్నంత ఆలస్యం ఉంటుంది.
దీనికి ఊపిరి లేదు.

"తాతా, ఒక నెల కొట్టెయ్యనా?"
"ఎవరి నెల?"

కిటికీ అద్దం గాలికి కటకటలాడింది.

అప్పుడామె "మరియు" చెరిపి
"లేదా" పెట్టింది.
ఇక్కడివాళ్ల నోట అది ఇలి, అంతే.
నా భాషలో అది
చీకటి గది తలుపు తోసి అడిగే మాట కూడా:
లేదా?

ఈసారి దిగింది.
రెండు నెలలనీ వరసలో పెట్టుకుని, చిన్నది ముందు,
షెగొతాల ఆకు మీద, నలభై ఏడు, ఫిబ్రవరి.
లాంతరు ఎత్తింది.
ఆంతె, కాదు.
లూత్సె, మారా కూతురు. ఔను.
పక్కన ఇంకో సిరాతో: ఆరు రోజులు.

మార్చి నుంచి పుట్టినవాళ్లని
నిద్ర లేపకుండా దాటి సెప్టెంబరుకి గెంతింది, ఎవరూ లేరు.
నలభై ఎనిమిది. ఫిబ్రవరి ఖాళీ.
సెప్టెంబరు.
లూత్సె, మారా కూతురు.

ఆగలేదింకా.
అయిపోయిందని తెలియాలంటే
అవతలివాణ్ణి ఒక్కణ్ణి చూడాలి.
యాభైలో పుట్టిన ఎవరో షెగొతా పసివాడి గుమ్మం తాకి
వెనక్కి తిరిగింది.

బార్తొల్ తెర వైపు చూడలేదు, నెవెన్కా వేళ్ల వైపు చూశాడు.
రెండు, అన్నాయవి.
నాలుగేళ్ల వయసులో తన చేతికిచ్చిన తెల్ల మూట ఏమిటో
తనకిప్పుడు గుర్తొచ్చిందో లేదో చెప్పలేదు.
స్టాంపులకి చిల్లర లెక్కపెట్టాడు, రెండింటికీ.
"రాయి మీద చోటుంటుందా?" అని మాత్రం
ఆమెని అడిగాడు, రాతి పనివాణ్ణి అడిగినట్టు.

ఎవరో తలుపు తీశారు, గాలి లోపలికొచ్చింది.
టోపీ ఇప్పుడు నెత్తి మీద లేదు,
రెండు కాగితాల మీద ఉంది.