సుద్దదారం

సుద్ద పూసిన దారాన్ని గోడ మీద బిగలాగి
నేనొక కొస, ఆయనొక కొస పట్టుకుంటే
నడుమ ఒక్క మీటు.
టప్పున ఒక గీత పుట్టేది.
అల్వరాదో ఊళ్లో పేర్లన్నీ
నలభై ఏళ్లుగా ఆ గీత మీదే కూర్చున్నాయి:
చేపల కొట్లు, మంగలి షాపులు, రేవులో పడవలు,
కూల్‌డ్రింకు గోడలు.
ఆ కంపెనీ వాళ్లు సగం కూలి డబ్బుగా,
సగం సీసాల పెట్టెలుగా ఇచ్చేవాళ్లు.
ఎవారిస్తో మేస్త్రి నిచ్చెన దిగకుండానే తాగేవాడు.
మంచినీళ్ల కంటే అవే చవక మాకు.

ఆ బుధవారం దారం మీటాక
కాసేపు గోడకేసి చూసి
"తిన్నగా పట్టుకో హసింతా, వంకర పోయింది" అన్నాడు.
చెరిపాం. మళ్లీ మీటాం.
"మళ్లీ వంకరే."
మూడోసారి దారం పారేసి
ఆయనే గీశాడు, తన కంటికి తిన్నగా.
రొయ్యల కొట్టు ఎదుబీహెస్ పకపకా నవ్వింది:
"నా పేరుని ఏటి అల మీద ఎక్కించావేం?"

నెలాఖరుకి కళ్ల డాక్టర్ల బండి వచ్చింది.
ఆయన కంటి వెనకగోడని ఫొటో తీసి చూపించారు.
వెనకగోడ అన్న మాట డాక్టరమ్మదే.
పండు నారింజ రంగు.
అంత నునుపు గోడ మా చేతికెప్పుడూ దొరకలేదు.
దాని మీద ఎర్ర చుక్కలు, పసుప్పచ్చ పెచ్చులు.
"నెత్తుట్లో తీపి ఏళ్ల తరబడి
ఈ సన్న గొట్టాలని నానబెట్టింది. ఊరుతున్నాయి.
చూపు నిలిచే నడిమి చోటే ఉబ్బింది.
ఉబ్బిన గోడ మీద గీత తిన్నగా ఎలా ఆగుతుంది?"
"నొప్పి లేదే" అన్నాడు మేస్త్రి.
"గోడకి నొప్పేమిటి" అందావిడ.

చెమ్మ సంగతి మాకు తెలియనిదా!
రంగు పొరలుగా లేచేదాకా
ఇంటివాడికి కనపడదు.
అయినా ఎన్నికల గోడలొచ్చాయి, చేతినిండా పని.
సూదిమందు వచ్చే నెలకి, ఆపై నెలకి.

ఆపై నెలలో ఒక పొద్దున నిచ్చెన మీంచి అరిచాడు:
"నలుపు కారుతోంది, గుడ్డ ఇయ్యి!"
తుడిచాడు. మళ్లీ తుడిచాడు.
గోడ శుభ్రంగా ఉంది.
ఊపిరందని చోట కన్ను తనకి తానే
మొలిపించుకున్న పీల రక్తనాళమొకటి తెగి
దారప్పోగులా లోపలే దిగుతోంది ఆ నలుపు.
సాయంత్రానికి కుడికన్ను మూతపడకుండానే మూసుకుపోయింది.

ఎడమ కంటికి లేజరు చురకలు పెట్టారు.
మిగిలింది, మిగిలినంత.
ఇప్పుడు నిచ్చెన నాది.
కింద నిలబడి, కుంచె చప్పుడు విని
"రంగు చిక్కబడింది, టర్పెంటైన్ పొయ్యి" అంటాడు.
కూల్‌డ్రింకు గోడ మళ్లీ వచ్చింది. ఒప్పుకున్నాను.
కూలి మొత్తం డబ్బే అడిగాను.

ఎదుబీహెస్ ఆ అల మీది పేరుని
నన్ను దిద్దనివ్వదు.
శనివారాలు రొయ్యల వంకతో వచ్చి
మేస్త్రి దాని ముందు ఆగుతాడు,
మిగిలిన కంటిని చికిలించి.
"ఈ ఊళ్లో" అంటాడు మెల్లగా,
"తిన్నగా ఉన్నది ఇదొక్కటే."