ముల్లు

మాలేగ్ రేవులో తపాలా ఆఫీసు నాది.
నాదంటే నాది కాదు, రాణిగారిది.
త్రాసు ముల్లు ఊగడం ఆగేదాకా చూడ్డం మాత్రం
ముప్పై ఏళ్ళుగా నా పని.

ఎఫీ గిల్లిస్ ఆ కట్ట తెచ్చిన రోజు
వాన అడ్డంగా కురుస్తోంది.
కట్టని కోటులో దాచి తను తడిసొచ్చింది.
హెర్రింగ్ చేపలకి పొగపెట్టే కొట్టులో పని ఆమెది;
కౌంటరు మీద పెట్టగానే
ఓక్ చెక్కపొట్టు కాలిన వాసన.

కిలో మూడు వందల నలభై గ్రాములు.
"ఏముంది లోపల?" ఫారం కోసం అడిగాను.
"కాగితాలు," అంది.
విలువ అన్న గడి దగ్గర పెన్ను చాలాసేపు ఆగి
ఒక గీత గీసింది.

లండన్. ఎవరో ఏజెంటు, మూడో అంతస్తు.
తిరుగు కవరూ తనే కొనాలి,
దాని మీద తన పేరు తనే రాసుకోవాలి,
ఇంకా రాని చుట్టానికి
వెళ్ళే బండి టికెట్టు ముందే కొన్నట్టు.

పదకొండు వారాలకి వచ్చింది.
లావు కవరైతే కాదని,
పల్చటిదైతే ఏమో అని
మాకిద్దరికీ ఎవరూ చెప్పకుండానే తెలిసింది.
లావువాటిని కౌంటరు కింద పెట్టేవాణ్ణి,
జనం వెళ్ళేదాకా.

ఒకాయన రెండేళ్ళకి జవాబిచ్చాడు.
ఒకామె ఉలకలేదు, పలకలేదు.
"నచ్చింది కానీ ప్రేమలో పడలేకపోయాం" అని ఒకరు.
"నేనేమన్నా పెళ్ళికడిగానా?" అని
ఎఫీ నవ్విన నవ్వుకి
పెన్షను వరసలో ముసలాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.
ఇంకోసారి తన కవర్లో వేరేవాళ్ళ నవల వచ్చింది,
కార్డిఫ్‌లో పళ్ళ డాక్టరెవరో రాసింది.
రాత్రంతా కూర్చుని చదివి
తన డబ్బుతోనే అతనికి పంపింది,
పైన ఒక చీటీ:
పద్నాలుగో అధ్యాయం బాగుంది, వదులుకోకండి.

నాలుగో ఏడు, తొమ్మిది వందల పది.
"ఏం తీసేశావు?"
"మా నాన్నని. ఆయన వల్ల కథ నడవట్లేదట."
నాలుగు వందల ముప్పై గ్రాముల మనిషి.
లాక్లన్ గిల్లిస్ నాకు తెలుసు.
వించి తాడులో కాలు పోయాక
రోజూ వచ్చి ఒక్క స్టాంపు కొనేవాడు.
ఉత్తరం రాయడానికి ఆయనకెవరూ లేరు.
ఆ రోజు టపా ఖర్చు తగ్గింది,
చిల్లర వెనక్కిస్తుంటే నాకే సిగ్గేసింది.

అదీ తిరిగొచ్చింది.
చక్కటి రచన, ఎక్కడో ఏదో లోటు, అని రాశారు.
ఉత్తరం నా ముందు పెట్టి ఎఫీ ఏమీ అనలేదు.
గొంతులో చేపముల్లు అడ్డంపడ్డట్టు
నేనూ ఏమీ అనలేదు.

తర్వాతి చలికాలం
కిలో మూడు వందల డెబ్భై.
"నాన్న వచ్చేశాడు," అంది.
"ముప్పై గ్రాములు ఒళ్ళు చేశాడే!"
"అది నువ్వు," అంది గ్లవ్స్ తొడుక్కుంటూ.
"స్టాంపులమ్మేవాడు. ఆరు పేజీలు."
నేను ముల్లు వైపే చూస్తూ ఉండిపోయాను.
అది ఎప్పుడో ఆగింది.

మార్చిలో పల్చటి కవరు.
త్రాసులో వేస్తే ముల్లు కదల్లేదు,
వెలుతురుకెత్తి చూడబుద్ధేసింది,
చూడలేదు. చట్టం ఒప్పుకోదు.
మిట్టమధ్యాహ్నం తలుపు మూసి
మొదటిసారి నా ఊళ్ళో నేనే పోస్టుమాన్నై నడిచాను.

పొగకొట్టు దాకా తీసుకెళ్ళి
చేతికివ్వబోతే
"ఉండు, తడి," అంది.
ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంది.
పొలుసులు ఒక్కొక్కటే గిల్లి పడేసింది.
మళ్ళీ తుడుచుకుంటోంది.
కవరు పట్టుకుని నేను నిలబడే ఉన్నాను.