టీ తేబడింది

ఫర్వానియాలో మాది నాలుగో అంతస్తు.
కిటికీ తెరిస్తే ఎదురింటి కిటికీ, మూస్తే ఏసీ రొద.
మధ్యలో చాప మీద
నేనూ, నాలుగొందల పన్నెండు పేజీల నవలా.
పదకొండో పేజీ నుంచీ వాన.

లిస్సీ టీచర్ చెప్పింది:
వాన అంటే వాన కాదు, ఆమె మనసు.
నిప్పు అంటే నిప్పు కాదు, అతను అనని మాట.
అన్నీ అండర్‌లైన్ చేసుకున్నాను.
బయట మూడు రోజులుగా దుమ్ము,
ఎండ గోధుమరంగుకి తిరిగింది.
అది దేనికి గుర్తో సిలబస్‌లో లేదు.

శుక్రవారం పదిన్నరకి ఓబుళమ్మ చిన్నమ్మ వస్తుంది,
జాబ్రియా నుంచి రెండు బస్సులు మారి.
వస్తూనే కాళ్లు గోడకి ఆనించి పడుకుని
"సదువు పాపా, యాడిదాకా వచ్చినారు వాండ్లు?" అంటుంది,
పక్కింటి తగాదా అడిగినట్టు.
సంబేపల్లి బడిలో తన చదువు మూడో తరగతి.
నేను ఒక్కో పేరా చదివి తెలుగు చేసి చెబుతాను.

ఆ వారం ముఖ్యమైన అధ్యాయం.
అతను తడిసి వచ్చాడు.
ఆమె కిటికీ వైపు తిరిగింది.
ఆరు పేజీలు ఎవరూ ఏమీ అనలేదు.
టీ తేబడింది.
చల్లారింది.
అతను వెళ్లిపోయాడు.

నా గొంతు కొంచెం పట్టేసింది.
చిన్నమ్మ కాళ్లు దించి లేచి కూర్చుంది.
"ఎవురు తెచ్చినారు?"
"ఏంటి?"
"టీ."

వెనక్కి తిప్పాను, ముందుకి తిప్పాను.
ఎక్కడా మనిషి లేదు.
పాసివ్ వాయిస్, చిన్నమ్మా.
పనే ముఖ్యం, ఎవరు చేశారన్నది కానప్పుడు
అలా రాస్తారు. ఏడో తరగతిలోనే చెప్పారు.
"ఓహో," అంది. "దానికొక పేరు గూడా పెట్టినారా."

ఇంక ఆగలేదు.
తడిసిన కోటు ఎవురు ఆరేసినారు?
పొద్దున్నే బూడిద ఎత్తిందెవురు?
ఆ యమ్మ రాత్రంతా ఏడ్సినట్టు
దిండు గలీబు మార్సినామెకు తెల్సిపోయింటాది గదా,
ఎవురితోనన్నా అనిందా? కడుపులో పెట్టుకునిందా?

చిన్నమ్మ పనిచేసే ఇంట్లో దివానియా ఉంది.
అర్ధరాత్రి దాకా మగవాళ్లు, ఇస్తికానాల గలగల.
"గుమ్మం దాకా నేను. ఆడ్నుంచి బెంగాలీ పిల్లోడు.
తొమ్మిదేండ్లలో ఆ గది నేల తుడిసినా గానీ
ఆడ కూసున్నోళ్ల మొగాలు సూడలా.
అయినా ఎవురికి ఎంత చక్కెరో నాకు తెల్సు."

మాట మార్చాలని పద్యం తీశాను.
ఒక కవి కొండెక్కి, గడ్డిలో పడుకుని
సాయంత్రం దాకా గాలితో మాట్లాడతాడు.
శ్రద్ధగా విన్నది.
"బాగుండాది," అంది. "ఆయనకు సెలవు ఏ వారం?"

యూనిట్ టెస్టులో ఆ అధ్యాయమే ఇచ్చారు.
ఈ నిశ్శబ్దం పాత్రల గురించి ఏం చెబుతుంది? పది మార్కులు.
వాన రాశాను. నిప్పు రాశాను.
ఇంకా పావుగంట మిగిలింది.
లోపల మాటలు మొదలవుతాయేమో, ఆగుతాయేమో అని
తలుపు బయట ట్రేతో నిలబడ్డ ఒకామె గురించి రాశాను.
మోచేతులు లాగడం రాశాను.
పాలమీద మీగడ కట్టడం రాశాను.

ఎర్ర ఇంకుతో వచ్చింది: పాఠంలో లేదు.

"పదికి ఆరా?" చిన్నమ్మ కాగితం తిరగేసి పట్టుకుని చూసింది.
"చక్కెర తక్కువేసింటావు."
గోడ గడియారం వైపు చూసింది. ఏడున్నరకి బస్సు.
"ఇంకా ఎన్ని పేజీలుండాయి?"
"నూట పది."
"అట్లయితే ఇంగొకసారన్నా తెస్తాదిలే.
సదువు."