తాళాల గుత్తి

ఇదిగో మస్తాన్‌బీ, పట్టుకో.
పంతొమ్మిది తాళంచెవులు. లెక్కపెట్టుకొనే తీసుకో.
ఈ పనిలో నమ్మకం కూడా
సంతకం పెట్టించుకున్నాకే లోపలికొస్తాది.

పొగతోట అని పేరేగానీ
నేనొచ్చేటప్పటికే ఇక్కడ పొగాకు మొక్క లేదు.
ఆస్పత్రిని ఆనుకొని ఆస్పత్రి,
సందులో చెంచయ్య బజ్జీల బండి.
ఇరవై ఆరేళ్ల మధ్యాహ్నాలు
సగం ఆ బండి కాడే నిలబడి తిన్నా.

ఈ పొడుగుది జనరేటర్ గదిది.
డీజిల్ ఉందని ఎవరన్నా చెప్తే నమ్మబాక,
కడ్డీ ముంచి తడి ఎందాకొచ్చిందో చూసుకో.
తుపాను రాత్రి, పెన్న మీదనించి గాలి అరస్తా ఉంటే
పైన అద్దాల పెట్టెలో రెండు కిలోలు లేని పసిగుడ్డు,
కింద నేను, టార్చిలైటు,
కడ్డీ మీద నాలుగు వేళ్ల తడి.
మూడు వేళ్లు. రెండు.
ఒక వేలప్పుడు తెల్లారింది, కరెంటొచ్చింది.
ఆ పిల్లోడిప్పుడు ఇస్కపల్లిలో
రొయ్యల గుంటకి రాత్రుళ్లు గాలిచక్రాలు తిప్పతా ఉండాడంట.
నన్నెరగడు.

ఇది దుప్పట్ల బీరువాది. ఉతికొచ్చినవి
కళ్లతో కాదు, ముక్కుతో చూసి దించుకో.

ఇది క్యాషు సొరుగుది.
ఇది ఇచ్చేముందు ఒక మాట చెప్పాల.

కొత్తలో, రూలు నా నోట్లో ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు,
ఆత్మకూరు పక్కనించి పెంచలయ్యని ఒకాయన.
రాత్రి పదకొండుకి వాళ్లమ్మ పోయింది.
బాకీ ఆరువేల రెండొందల నలభై.
కట్టందే గేటుపాసు రాయనన్నా.
ఆయన అరవలా, బతిమాలలా.
మెట్ల మీద కూర్చొని వాళ్లమ్మ చీర మడతపెట్టాడు,
విప్పాడు, మళ్లీ మడతపెట్టాడు.
నాలుగు గంటలకి నేనే పోయి గేటు తీశా.
పదకొండో రోజు గుండుతో వచ్చి
నలిగిన నోట్లు బల్ల మీద సాపు చేసి, మొత్తం కట్టి,
రసీదు ఇయ్యమ్మా అన్నాడు.
ఇచ్చా.
అదొక్కటే ఇచ్చా.

అప్పట్నించి ఎవరన్నా పోయిన రాత్రి
మన బిల్లుల కంప్యూటర్ పనిచెయ్యదు.
పొద్దున డాక్టరుగారు అడిగితే
చెడిపోయింది సార్ అంటా.
ఇన్నేళ్లుగా అది చావు రాత్రుళ్లే చెడిపోతా ఉంది.
ఆయనా ఇంతవరకూ
మెకానిక్‌ని పిలవమన్లేదు.
ఇది రిజిస్టరులో ఉండదు. నీకు చెప్తా ఉండా, అంతే.

ఇంక ఈ చిన్నది, తుప్పుది.
దేనిదో నాకు తెలవదు.
నాకప్పజెప్పిన రవణమ్మక్కకీ తెలవదు.
తలుపులు, బీరువాలు, పాత ఆక్సిజన్ గది,
అన్నిట్లో పెట్టి చూశా, దేంట్లోనూ తిరగలా.
పారెయ్యబాక.
లెక్కలో మాత్రం పంతొమ్మిది అనే రాసుకో.

సంతకం ఇక్కడ. తేదీ కూడా ఎయ్యి.