గోడల తొవ్వ

ధనిష్ఠల పోయిండు ఐతరాజు రామస్పతి.
గడప దాటించొద్దన్నడు అయ్యగారు.
నడిజామున నాకు ఫోను:
"బక్కయ్యా, గడ్డపార పట్టుకొని రా."

మర్రిగూడెం దిక్కు ఊర్లల్ల
నాకిది పదకొండో గోడ.
కట్టిన చేతులనే పిలుస్తరు
పొడిచెటందుకు గూడ.

మా బిడ్డ నవనీత డిగ్రీల చరిత్ర చదువుతది.
లైటు పట్టుకొని బండెన్క కూసున్నది.
చలికి పండ్లు కొట్టుకుంట చెప్పింది:
"నాయినా, సముద్రాల అవుతల మంచుదేశాలల్ల
ఎనకటికి గిట్లనే చేసెటోళ్లంట.
పీనుగను వాకిట్ల నుంచి తియ్యరంట.
గోడ పొడిచి, కాళ్లు ముందుకు వెట్టి తీసి
మల్ల బొక్క పూడుస్తరంట.
సచ్చినోడు పోయిన తొవ్వనే తిరిగొస్తడు గదా,
గోడ తగిలి ఎన్కకు మళ్లాల్నని."

"మరి ఆళ్లకు ఏ అయ్యగారు చెప్పిండే?"
"ఏమో నాయినా, పుస్తకంల అది లేదు."

ఎవలికైనా రెండు మూరల సందు చాలు.
రామస్పతికి చాలలే.
బోరునీళ్లు తాగి తాగి
కొడవలి లెక్క వంగిన మనిషి,
పానం పోయినంక గూడ సాపు గాలే.
మోకాళ్లొక దిక్కు, మెడొక దిక్కు.
టేపు వెట్టి ఆ వంపును కొలిసిన.
ఒక్కొక్క ఇటుక ఊడదీసిన.
ఈ గోడ నేనే కట్టిన, తొంబై ఆరుల.
అప్పుడు నిటారుగ నిలవడి
గమేలాలు అందించింది ఆయన్నే.

దినం ఎల్లినంక పూడ్చమన్నరు.
సిమెంటు కలుపుతుంటే
సాలమ్మ వచ్చి నా తాపీ పట్టుకున్నది.
"ఉండనియ్యి.
ఆయన మంచం గీడనే ఉండె.
కిటికీ పెట్టియ్యమని ఆరేండ్లు అడిగిండు.
పైసల్లేవంటి."

"పిచ్చిదానా, రాత్రికి నడిచొస్తడే!"
అన్నడు పాలోళ్ల పెద్దమనిషి.

"నడిచా?" అన్నది సాలమ్మ.

ఇగ ఎవ్వలు మాట్లాడలే.
చెంబుల నీళ్లు తాగుతున్నోడు
చెంబు కింద వెట్టిండు.

మా ఇంటెన్క పాత చౌకటొకటి
చెదలు తినంగ మిగిలింది.
బొక్కకు సరిగ రాలే, ఒక మూల సందున్నది.
ఆడ ఇటుకముక్కలు పెట్టి గార కొట్టిన.
నవనీత ఊచలు పట్టుకొని బయటికి తొంగిసూసింది:
బత్తాయి తోట, కరెంటు స్తంభం,
ఎవరిదో బర్రె.

పొడిచినందుకు ఐదొందలు తీస్కున్న.
పెట్టినందుకు అడగలే.
ఆమె గూడ ఇయ్యలే.